చప్పట్లు కొట్టొద్దన్నారు

ఫిబ్రవరి 9, ఆదివారం

మళ్ళీ రాయడం మొదలుపెట్టమని ప్రసూనాంబ గారు అన్నారు. మా కౌన్సిలర్లకు పాఠాలు చెప్పడానికి ఆవిడ విజయవాడ నుంచి నెలకోసారి నందిగామ వస్తారు. రోజంతా పరాయివాళ్ల బాధలు వినేవాళ్లకు తమ గోడు వెళ్లబోసుకునే చోటు ఒకటి ఉండాలట. ఎవరికీ చూపించక్కర్లేదు, తప్పులు దిద్దుకోనక్కర్లేదు. సరే. నా గోడు పేరు క్రాంతికుమార్. నా తమ్ముడు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు, నా చంకనెక్కి పెరిగినవాడు.

ఇవాళ చిల్లకల్లులో ఎవరిదో గృహప్రవేశానికి షామియానా వేసి, మైకు కట్టి, సాయంత్రం ట్రాలీ ఆటోలో సామానుతోపాటు తనూ ఒక సామానై వచ్చాడు. ఇద్దరు పట్టుకుని దింపారు. మా జగ్గయ్యపేట వీధిలో ఇది అందరూ చూసిందే, కొత్తగా చూసేవాళ్లెవరూ లేరు. నేను మాత్రం ఇప్పుడే చూసినట్టు అరిచాను. సిగ్గు లేదా అన్నాను. నీ పెళ్లాం రోజా పిల్లని తీసుకుని పెనుగంచిప్రోలులో పుట్టింటికి ఎందుకు వెళ్లిపోయిందో గుర్తుందా అన్నాను. ఇలాగే తాగితే చచ్చిపోతావురా అన్నాను. వాడు మంచం మీద పడి, కళ్లు తెరవకుండానే, "చెప్పక్కా, ఇంకా చెప్పు" అన్నాడు. వెటకారంగా అన్నా బాగుండేది. వాడు నిజంగానే వింటున్నాడు.

నందిగామలో మా డీ-అడిక్షన్ సెంటర్లో నేను ఎవరి మీదా గొంతు పెంచను. అక్కడ నన్ను మెత్తటి మేడం అంటారు. ఆ మెత్తదనమంతా సాయంత్రం బస్సులోనే మర్చిపోయి దిగుతాననుకుంటా.

ఫిబ్రవరి 11, మంగళవారం

బ్రహ్మయ్య అని లారీ డ్రైవర్. భార్య రత్నమణి రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. "కాస్త బుద్ధి చెప్పండి మేడం, మీరు చదువుకున్నోళ్లు" అంది. ఆమెను టీ తాగి రమ్మని బయటికి పంపాను. అతన్ని అడిగాను, తాగితే మీకు బాగుండేది ఏమిటి అని. బిత్తరపోయాడు. తిట్టడానికి పిలిచారనుకుని వచ్చిన మనిషి. నడుం నొప్పి తెలీదన్నాడు, నిద్ర పడుతుందన్నాడు. మరి బాగోలేనిది ఏమిటన్నాను.

"మా పెద్దోడు నా లారీ ఎక్కనంటన్నాడండి."

"మీతో రావడానికి భయపడుతున్నాడు."

అంతే అన్నాను. అతను ఏడ్చాడు. మా పని ఇంతే నిజానికి. అడగాలి, నోరు మూసుకోవాలి, అతని మాట అతనికే తిరిగి ఇవ్వాలి, మారడానికి కారణం అతని నోటి నుంచే వచ్చేదాకా ఆగాలి. సలహా చివర్లో, అదీ చెప్పమంటారా అని అడిగి.

తర్వాత అందరూ అనే మాటే అన్నాడు, ఈ పూట నుంచే చుక్క ముట్టనని. నేనూ అందరికీ చెప్పేదే చెప్పాను. అలా ఒక్కసారిగా ఆపొద్దండి, రోజూ తాగే ఒళ్లు తట్టుకోలేదు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికొస్తుంది, డాక్టరు గారి దగ్గర చేరండి, మాత్రలిచ్చి మెల్లగా ఆ స్థితి దాటిస్తారు. రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు అని అడిగి లోపలికి పంపాను. ఆ రెండూ అడక్కుండా నేను ఎవరినీ గది దాటనివ్వను.

ఫిబ్రవరి 12

తాగి వచ్చాడు. అరవలేదు. ఏదో పెద్ద ఘనకార్యం చేసినట్టుంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక అన్నం వడ్డిస్తూ మెల్లగా మొదలుపెట్టాను.

"తాగితే నీకు బాగుండేదేంట్రా?"

వాడు నా మొహంలోకి చూసి నవ్వాడు. "ఏందక్కా, నన్ను పేషెంటుని చేసావా?"

"కాదురా, ఊరికే అడుగుతున్నా."

"తాగితే బాగుంటది. అదే బాగుండేది."

"తాగితే బాగుంటుంది."

"నా మాట మళ్ళీ నాకే చెప్తన్నావేందే?"

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, "వాడికి నాలుగు చీవాట్లు పెట్టవే అంటే, తాగితే ఎంత బాగుంటదో అడుగుతావేంది నువ్వు?" అంది. ముగ్గురం నవ్వాం. ఇంట్లో నవ్వులు వినపడి ఎన్నాళ్లైందో.

చెయ్యి కడుక్కుంటూ వాడు అన్నాడు, "సెంటరు మాటలు నా దగ్గర మాట్లాడమాక అక్కా. తిట్టాలనుంటే తిట్టు. అప్పుడు నువ్వు నువ్వులాగా ఉంటావు." దీనికి ఏం జవాబు చెప్పాలో నాకు ఎవరూ నేర్పలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి.

వేదాద్రిలో పెళ్లి సామాను తీసుకురావాలి, తోడు వస్తావా అన్నాడు. చర్చి మానేసి మరీ వెళ్లాను. పొద్దున కాబట్టి వాడి చేతులు కాస్త వణుకుతున్నాయి తప్ప మనిషి మామూలుగానే ఉన్నాడు. షామియానా విప్పి, కుర్చీలు ఎక్కించి, కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చున్నాం. గుడి మైకులో ఏదో పాట వస్తోంది. హారన్ బాక్సు పగిలిందక్కా, గరగరమంటోంది విను, అన్నాడు. నాకు అంతా ఒకటే లాగా ఉంది. వాడికి అలా కాదు, మైకు అంటే ప్రాణం.

నేనేమీ అడగలేదు. నిజంగా అడగలేదు. వాడే అన్నాడు.

"అక్కా, మీ సెంటర్లో పదికి ఎంత అని ఏదో అడుగుతారంటగా."

"మానడం నీకు ఎంత ముఖ్యం, పదికి ఎంత వేస్తావు, అని అడుగుతాం."

"నాలుగు."

"రెండు ఎందుకు వెయ్యలేదు?"

వాడు మెట్టు మీది ఇసకలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఎంత కష్టపడి ఊరుకున్నానో ఆ దేవుడికే తెలుసు.

"మెర్లిన్ ఉంది కదా. నేను పక్కలోకి పోతే దుప్పటి మొహం మీదికి లాక్కునేది. నిద్రపోతందేమోనని దుప్పటి తీసా ఒకరోజు. మేలుకునే ఉంది. ముక్కు మూసుకునుంది అక్కా. ఆరేళ్ల పిల్ల, నన్ను బాధపెట్టకూడదని దుప్పట్లో ముక్కు మూసుకుంది."

నాకు కళ్లు కనపడలేదు.

"తగ్గిద్దామనుకుంటన్నా. ఈస్టరు ముందు శ్రమ దినాలు వస్తన్నాయి కదా, ఆ నలభై రోజులూ చూద్దాం. ఎంతవరకు చెయ్యగలనో నాకు తెలీదు గానీ..."

వాడు ఇంకా ఏదో చెప్పబోయాడు. నేను వాడి తల దగ్గరికి లాక్కుని, "నువ్వు మానేస్తావురా, నాకు తెలుసు, నువ్వు చెయ్యగలవు" అన్నాను. వాడు సరేనన్నట్టు తలూపాడు. వచ్చేటప్పుడు దారంతా మిరప కల్లాలు, ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. ఇంత సంతోషంగా ఇంటికి వచ్చి ఎన్నేళ్లయిందో.

అమ్మకు ఏమీ చెప్పలేదు. అంటే, తగ్గిస్తానన్నాడని మాత్రం చెప్పాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

ప్రసూనాంబ గారి క్లాసు. ఆవిడ ఇవాళ అన్న మాట: "మనిషి మారతానన్నప్పుడు మీరు చప్పట్లు కొట్టకండి. ఇంకా చెప్పండి అనండి. చప్పట్లు కొట్టారంటే, రేపు ఆ మనిషి జారిపడ్డప్పుడు మీకు చెప్పడు. మీ సంతోషం పాడుచెయ్యడం ఇష్టం లేక దాచిపెడతాడు."

అందరం రాసుకున్నాం. నేనూ రాసుకున్నాను. కృష్ణ ఒడ్డున నేను చేసింది చప్పట్లు కాదు. అక్క తల నిమిరితే అది చప్పట్లెలా అవుతుంది?

మార్చి 5, బుధవారం

శ్రమ దినాలు మొదలు. చర్చిలో ప్రార్థన అయ్యాక అమ్మ పాస్టరు ప్రేమానందం గారి ముందు మోకరించి, కొడుకు తాగుడు మానేస్తే ఈస్టరు వెళ్లగానే ఇంటి దగ్గర కృతజ్ఞత కూటం పెట్టిస్తానని మాట ఇచ్చింది. నేను పక్కనే ఉన్నాను. తగ్గిస్తాననే అన్నాడమ్మా, మానేస్తాననలేదు, అని చెప్పాలి. బయటికొచ్చాక చెబుదామనుకున్నాను. బయట పూలమ్మి ఉంటే మల్లెపూలు కొనిపెట్టింది నాకు. నా పెళ్లి మాట ఎత్తడం మానేశాక మా అమ్మ నాకు పూలు కొనడం కూడా మానేసింది. ఇవాళ కొంది. చెప్పలేదు.

మార్చి 14

వారం నుంచి నిలబడే ఇంటికి వస్తున్నాడు.

మార్చి 21

ఇవాళ కూడా యాలకుల వాసన. పాపం, నోరు లాగుతుంటుంది, యాలకులు నములుతున్నాడు. మంచి అలవాటే.

మార్చి 23, ఆదివారం

రోజా ఫోన్ చేసింది. "వదినా, నిజమేనంటారా?" అని అడిగింది. నిజమే అన్నాను. మానేశాడని అన్నానా, తగ్గించాడని అన్నానా, సరిగ్గా గుర్తు లేదు. మెర్లిన్‌కు ఫోన్ ఇచ్చింది. "అత్తా, నాన్న మైకులో నా పేరు చెప్తాడా?" అని అడిగింది ఆ పిల్ల. ఎందుకు అడిగిందో తెలీదు. చెప్తాడు అన్నాను.

మార్చి 30

ఎండలు ముదురుతున్నాయి. రేకుల షెడ్డులో సామాను పోతోందని క్రాంతి అక్కడే పడుకుంటున్నాడు. పొద్దున నేను బస్సెక్కే వేళకు ఇంటికొస్తాడు, స్నానం చేసి ఉంటాడు, తల దువ్వుకుని ఉంటాడు. యాలకులు. ఎంత తాగుతున్నావురా అని అడగాలనిపించింది ఒకసారి. అడిగితే నమ్మలేదనుకుంటాడు. ఇంత చేస్తున్నవాణ్ణి అనుమానించడం పాపం.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

అమ్మ చర్చిలో అందరికీ చెప్పేసింది. మా క్రాంతి మానేశాడు, ఈస్టరు తర్వాత శనివారం కూటం, అందరూ రావాలి. జనం వాడి చేతులు పట్టుకుని ఊపారు. వాడు నా కోసం అటూ ఇటూ చూశాడు. నేను మట్టలు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాను.

ప్రసూనాంబ గారికి ఫోన్ చేద్దామనుకున్నాను. ఏమంటారో తెలుసు కాబట్టి చెయ్యలేదు.

ఏప్రిల్ 22

బ్రహ్మయ్య సెంటరుకు వచ్చాడు. మధ్యలో రెండుసార్లు తాగానని తనే చెప్పాడు. చెప్పినందుకు నాకెంతో సంతోషం వేసింది, కానీ పైకి చూపించలేదు. ఏమైందో చెప్పండి అన్నాను. చక్కగా చెప్పుకొచ్చాడు. మంచి కౌన్సిలర్ని నేను.

ఏప్రిల్ 25, శుక్రవారం

రోజా వచ్చింది, పిల్లతో, బట్టల బ్యాగుతో. బ్యాగు చూసి అమ్మ ఏడ్చింది. మూడు రోజులకు సరిపడే బ్యాగు కాదు అది, ఉండిపోవడానికి తెచ్చుకున్నది.

ఏప్రిల్ 26, శనివారం

కూటం అయింది. దేవునికి స్తోత్రం.

వరసగా రాస్తాను. క్రాంతి పొద్దున తొమ్మిదింటికల్లా షెడ్డు నుంచి వచ్చి వీధికి అడ్డంగా షామియానా తనే వేశాడు. ఎవర్నీ ముట్టనివ్వలేదు. నేను పెరట్లో పొయ్యి దగ్గర ఉన్నాను, బిర్యానీకి ఎసరు పెట్టి. వాడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"అక్కా, నీతో ఒక మాట చెప్పాలి."

"కూటం అయ్యాక చెప్పురా. ఎసరు మరుగుతోంది."

"అయ్యాక కాదక్కా..."

"అబ్బా, పాస్టరు గారు వచ్చేస్తారు. పోయి స్నానం చెయ్యి." బుగ్గ మీద కొట్టి పంపాను. రోజా గురించి ఏదో అయ్యుంటుంది. సిగ్గుపడుతున్నట్టున్నాడు.

పాటలు అయ్యాయి, వాక్యం అయింది. ప్రేమానందం గారు క్రాంతిని సాక్ష్యం చెప్పమని పిలిచారు. వాడు వచ్చి ముందుగా మైకు స్టాండు పైకెత్తాడు. పాస్టరు గారు పొట్టి, వీడు పొడుగు. వేలితో రెండుసార్లు తట్టాడు. అందరూ నవ్వారు.

"అందరి సాక్ష్యాలకీ నేనే మైకు కట్టానండి. నా సాక్ష్యానికి నేనే కట్టుకోవాల్సి వస్తదనుకోలేదు" అన్నాడు. మళ్ళీ నవ్వారు. మైకులో వాడి ఊపిరి వినపడుతోంది. ముందు వరసలో రోజా ఒళ్లో మెర్లిన్ కూర్చుని ఉంది. దాని వైపు చూశాడు.

"నేను మానేసానండి" అన్నాడు. "మా మెర్లిన్ దుప్పటి కప్పుకోకుండా నా పక్కన పడుకోవాలని మానేసా. మెర్లిన్, వినపడతందా తల్లీ?"

చప్పట్లు. అమ్మ లేచి నిలబడి కొట్టింది. ప్రేమానందం గారు, మన సహోదరుణ్ణి బట్టి ఇంకోసారి చప్పట్లతో దేవుణ్ణి స్తుతిద్దాం అన్నారు. వీధి అంతా కొట్టింది. వాడు నా కోసం వెతుకుతున్నాడని దూరం నుంచే తెలిసింది. నేనూ కొట్టాను. చేతులు మండేదాకా కొట్టాను.

భోజనాల తర్వాత షెడ్డుకు పోలేదు వాడు. ఇంట్లోనే రోజా దగ్గర ఉన్నాడు. చెప్పాలన్న మాట నేనూ అడగలేదు, వాడూ ఎత్తలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

చాలా కాలానికి క్రాంతి ప్రభు బల్ల తీసుకున్నాడు. ద్రాక్షరసం గిన్నె అందుకుంటుంటే చెయ్యి ఎంత వణికిందంటే సగం చొక్కా మీద పడింది. భక్తితో వణికాడు నా బిడ్డ, అని అమ్మ వచ్చేటప్పుడు దారిలో కనపడిన వాళ్లందరికీ చెప్పింది. మధ్యాహ్నం అన్నం తినలేదు. ఎండలో షామియానా వేశాడు కదా నిన్న.

ఏప్రిల్ 28, సోమవారం, బస్సులో

క్రాంతికి వడదెబ్బ తగిలినట్టుంది. పొద్దున్నుంచి వాంతులు, చెమటలు. చేతులు ఒక చోట నిలవడం లేదు. ఎవరో మైకు ఆన్‌లో పెట్టి వదిలేశారు, ఆపండి అంటున్నాడు. వీధిలో ఏ మైకూ లేదు. జ్వరం తలకెక్కినట్టుంది. ఓఆర్ఎస్ కలిపి ఇచ్చి, మజ్జిగ పట్టించమని రోజాకు చెప్పి బయల్దేరాను. గుమ్మం దాకా వచ్చాక వెనక్కి చూస్తే నన్నే చూస్తున్నాడు. సాయంత్రం తొందరగా వచ్చేస్తానురా అన్నాను.

మే 3, శనివారం

క్రాంతి బుధవారం పోయాడు.

రాయలేను. కానీ రాయకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలో తెలీదు.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. నేను అప్పుడు ఒకతన్ని చేతులు ముందుకు చాపమని అడిగి వణుకు చూస్తున్నాను. అవును, అదే పని చేస్తున్నాను. క్రాంతికి ఫిట్స్ వచ్చాయి, మంచం మీద నుంచి పడ్డాడు, ఆగి మళ్ళీ వచ్చాయి. అంబులెన్సులో విజయవాడ తీసుకెళుతుంటే నేను నందిగామలో ఎక్కాను. రోజా వాడి తల పట్టుకుని కూర్చుంది.

అక్కడ డాక్టరు అడిగాడు, తాగుతాడా అని. ఇదివరకు తాగేవాడు సార్, మానేశాడు అన్నాను. చివరిసారి ఎప్పుడు తాగాడు అన్నాడు. రెండు నెలలు కావస్తోంది సార్ అన్నాను. గట్టిగా, గర్వంగా చెప్పాను.

రోజా నా వెనక నుంచి అంది, "శనివారం పొద్దున సార్."

డాక్టరు నా వైపు ఇంకోసారి చూడలేదు. ఆమెనే అడిగాడు. రోజుకు ఎంత తాగేవాడమ్మా? ఆమె చెప్పింది. నేను గోడకు ఆనుకుని విన్నాను.

కూటం అయిన రాత్రి వాడు రోజాకు అంతా చెప్పేశాడట. శ్రమ దినాల్లో మొదటి వారం తగ్గించాడట. తర్వాత చేతకాలేదట. షెడ్డులో తెల్లవారుజామునా, రాత్రీ తాగి, స్నానం చేసి, యాలకులు నమిలి ఇంటికొచ్చేవాడట. కూటం రోజు పొద్దున కూడా తాగకపోతే షామియానా గుంజ పట్టుకోలేకపోయేవాడట. "అక్కకి చెబుదామని పోయాను, కుదరలేదు" అన్నాడట. "ఇప్పుడు మైకులో అందరి ముందూ మానేసానని చెప్పా కాబట్టి, ఆ మాట అబద్ధం కాకుండా చూసుకుంటా రోజా. ఇక చచ్చినా ముట్టను" అన్నాడట.

నా తమ్ముడు తాగి చచ్చిపోలేదు. మానేసి చచ్చిపోయాడు. లివరు అప్పటికే పాడై ఉందట, ఫిట్స్ వచ్చినప్పుడు వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయిందట. ఆదివారం తీసుకొచ్చి ఉంటే, అని డాక్టరు ఆపేశాడు. సోమవారం పొద్దున తెచ్చినా, అన్నాను నేను. ఆయన కేసు షీటు మూశాడు.

వణుకు, చెమట, వాంతి, లేని మైకు వినపడటం. ఏ రోజు ఏది వస్తుందో నేను నిద్రలో అడిగినా చెబుతాను. భార్యలకు చెబుతాను, తల్లులకు చెబుతాను, బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. వాడికి మజ్జిగ పట్టించమని చెప్పి బస్సెక్కాను.

మే 5

కూటం అయ్యాక చెప్పురా అన్నాను.

మే 6

కూటం అయ్యాక చెప్పురా అన్నాను.

మే 8

ప్రసూనాంబ గారు వచ్చారు. జగ్గయ్యపేట దాకా, బస్సులో. నా పక్కన చాప మీద కూర్చున్నారు. ఆవిడ ఓదార్చి ఉంటే కొట్టి ఉండేదాన్నేమో. వెళ్లేటప్పుడు, రాస్తున్నారా సూసన్ అని అడిగారు. రాస్తున్నానన్నాను. రాసి ఏం లాభం మేడం అన్నాను. తెలీదమ్మా అన్నారు.

మే 11, ఆదివారం

ఆదరణ కూటం. అదే వీధి, అదే చోటు. షామియానా నందిగామ నుంచి వేరే వాళ్లు తెచ్చారు. మైకు గరగరమంటోంది. నాకు వినపడింది ఆ తేడా. వాడికి చెప్పాలనిపించింది.

ప్రేమానందం గారు ఏడుస్తూనే మాట్లాడారు. మన సహోదరుడు విజయం పొంది వెళ్లాడు అన్నారు. అమ్మ కూడా అదే పట్టుకుంది. వచ్చినవాళ్లందరి చేతులూ పట్టుకుని, "మానేసాకే పోయాడమ్మా నా బిడ్డ. తాగుబోతని ఎవరూ అనలేరు. వడదెబ్బ తీసుకుపోయింది" అంటోంది. అమ్మ తింటున్న నాలుగు మెతుకులూ ఆ మాట మీదే తింటోంది. ఆ మాట తీసేస్తే ఆమెకు ఏం మిగులుతుంది? నేనూ రోజా ఒకరి మొహం ఒకరం చూసుకుని ఊరుకున్నాం.

జనం వెళ్లాక పెరట్లో గిన్నెలు కడుగుతుంటే రోజా అడిగింది.

"వదినా, ఆదివారం పొద్దున నేను మీకు చెప్పుంటే బతికేవాడా?"

ఇలాంటి ప్రశ్నకు ఎలా జవాబివ్వాలో నాకు తెలుసు. ఆ ఆలోచన మిమ్మల్ని తినేస్తోంది, అని ఆమె బాధను ఆమెకు తిరిగి ఇవ్వాలి. అబద్ధం చెప్పకూడదు, తీర్పు చెప్పకూడదు.

"లేదమ్మా" అన్నాను. "చెప్పినా ఏమీ చెయ్యలేకపోయేవాళ్లం."

"నాకు తెలీదు వదినా. మానితే మంచిదే కదా అనుకున్నా. చేతులు వణుకుతుంటే గట్టిగా పట్టుకుని పడుకున్నా."

"మంచి పని చేశావు."

"మీకు చెప్పొద్దన్నాడు. అక్క ఇన్నాళ్లకి సంతోషంగా ఉంది, మొన్న మల్లెపూలు పెట్టుకుంది, చెప్పమాక అన్నాడు."

కుళాయి కింద మొహం పెట్టి ఏడ్చాను. రోజా నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. ఈ పని ఆమెకెవరూ నేర్పలేదు.

మే 14

మెర్లిన్ నా పక్కలో పడుకుంటోంది. దుప్పటి కప్పితే తన్నేస్తుంది. ఎండాకాలం కదా అత్తా అంటుంది.

మే 19, సోమవారం

పనిలోకి వెళ్లాను. మానేద్దామనే అనుకున్నాను. సెంటర్లో అందరికీ తెలుసు, కౌన్సిలరు తమ్ముడు అలా పోయాడని. బస్సు దిగి, సెంటరు దాటి, కోర్టు దాకా నడిచి మళ్ళీ వెనక్కి వచ్చాను.

మొదటి మనిషి పేరు భావనారాయణ. పత్తి కొట్లో గుమస్తా. భార్య, ఆమె తమ్ముడు ఇద్దరూ తీసుకొచ్చారు. అతను కూర్చోకుండానే నా బల్ల మీద చెయ్యి పెట్టి, "మేడం, దేవుడి మీద ఒట్టు, మా ఆవిడ మీద ఒట్టు, ఈ క్షణం నుంచే మానేసా. ఇక జన్మలో ముట్టను" అన్నాడు. బల్ల మీద ఆ చెయ్యి వణుకుతోంది.

భార్య కళ్లు తుడుచుకుంది. బావమరిది అతని భుజం తట్టి, "అదీ మగాడంటే" అన్నాడు.

"ఒట్టు వెయ్యకండి. ఇవాళ మానొద్దు" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. భార్యకు కోపం వచ్చింది. "అదేంటి మేడం, ఇన్నాళ్లకి ఆయన నోటెంట మానేస్తానన్న మాట వస్తే, మీరే వద్దంటారేంటి? మానితే తప్పా?"

ఎన్నో సార్లు చెప్పిన మాటలు ఉన్నాయి నా దగ్గర. ఒళ్లు తట్టుకోలేదు, మాత్రలతో మెల్లగా, డాక్టరు గారి దగ్గర. అవేవీ నోటికి రాలేదు.

"మా తమ్ముడు అట్టాగే మానేసాడమ్మా" అన్నాను.

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. నేను అతని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాను. అది వణుకుతూనే ఉంది.

"మీ మీద నాకు కోపం రాదు. మెచ్చుకోను కూడా. రోజుకి ఎంత తాగుతారు? పొద్దున ఎంత తాగి వచ్చారు?"

అతను ఒకసారి భార్య వైపు చూశాడు, బావమరిది వైపు చూశాడు.

"నిజం చెప్పమంటారా మేడం?"

"చెప్పండి. నాకేం తొందర లేదు" అన్నాను.